మేనల్లుడి మోకాలు: టోంగా జట్టు వెంట సాల్ట్‌లేక్ దాకా

అమెరికా చూసొచ్చిన తెలుగువాళ్లు నయాగరా గురించి రాస్తారు, ఆకాశహర్మ్యాల గురించి రాస్తారు, లేదంటే అక్కడ దొరకని గోంగూర గురించి రాస్తారు. అక్కడే కాపురం ఉంటూ కూడా నేను నయాగరా చూడలేదు కాబట్టి ఆ పని నాకు చేతకాదు. కానీ ఎనభైల మధ్యలో ఒకసారి, పసిఫిక్ సముద్రంలో ఉన్న టోంగా అనే చిన్న దేశపు రగ్బీ జట్టు వెనకాల, చేమాకుల వాసన కొట్టే వ్యానులో కాలిఫోర్నియా నుంచి యూటా దాకా వెళ్లొచ్చాను. ఆ ముచ్చట చెబుతాను. టోంగా ఎక్కడుందని గ్లోబు మీద వెతక్కండి. మా ఇంట్లో గ్లోబు మీద ఆ దేశం ఉండాల్సిన చోట దుకాణంవాడు ధర చీటీ అంటించాడు.

సన్నీవేల్

సన్నీవేల్‌లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు పదో పన్నెండో ఉండేవి. నరసాపురం, ఒంగోలు, గుంటూరు వైపువాళ్లం. సొంత చర్చి కట్టుకునే స్తోమత లేక, ఒక అమెరికన్ చర్చి హాలుని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునేవాళ్లం. మాకంటే ముందు అదే హాలు టోంగా వాళ్లది. వాళ్ల ఆరాధన ఎప్పుడు ముగుస్తుందో వాళ్లకీ తెలియదు, పైవాడికీ తెలియదు. మేం బయట కోడికూర గిన్నెలు పట్టుకుని కార్ల మధ్య నిలబడేవాళ్లం. వాయిద్యం ఒక్కటీ లేకుండా వాళ్లు పాడుతుంటే కిటికీ అద్దాలు అదిరేవి. వాళ్లు వెళ్లాక మాలో పాడగలిగిన ముగ్గురం హార్మోనియం ముందు కూర్చుని మొదలుపెడితే, వరద పోయాక కొళాయి తిప్పినట్టు ఉండేది.

ఆలస్యానికి క్షమాపణగా వాళ్ల సంఘపెద్ద సెమిసి ప్రతి వారం ఒక పళ్లెం నిండా కాల్చిన పంది మాంసం తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. వారమంతా ఊళ్లోవాళ్ల తోటలు బాగుచేసే మనిషి. గుమ్మంలో నిలబడితే గది చీకటయ్యేంత విగ్రహం. గొంతు మాత్రం మెత్తన. ఆ పళ్లెం పుణ్యమా అని మాకు స్నేహం కుదిరింది.

ఒక ఆదివారం ఆయన, ఆయన భార్య మేలే, ఇద్దరూ కలిసి వచ్చారు. వాళ్ల దేశపు జట్టు అమెరికా పర్యటనలో ఉందట. ఆఖరి ఆట సాల్ట్‌లేక్‌లో. జట్టు బస్సులో పోతుంది, వెనకాల వంట వ్యాను పోవాలి. దానికి డ్రైవర్ కావాలి. సెమిసి నడిపితే తను ఎక్కనని మేలే ఖరాఖండిగా చెప్పేసిందట. కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీ నన్ను ఇంటికి పంపించిన నెల అది. ఖాళీగా ఉన్నానని సంఘమంతటికీ తెలుసు.

మా ఆవిడ సలోమి ఆసుపత్రిలో నర్సు. ఇంటికొచ్చి అడిగితే ఆలోచించను కూడా లేదు. "వెళ్లండి. ఇంట్లో కూర్చుని నా కిచెన్ రీఆర్గనైజ్ చేసే బదులు, వాళ్లని డ్రైవ్ చేసి కాస్త పుణ్యం కట్టుకోండి. రెజ్యుమేలు తిరిగొచ్చాక పంపించొచ్చు" అంది.

కొండ దారి

రగ్బీ గురించి నాకు తెలిసింది సున్నా. కబడ్డీ ఆడేవాళ్ల చేతికి ఒక కోలబంతి ఇచ్చి, చొక్కాలు చిరిగేదాకా ఎవరూ ఆపొద్దని చెప్పినట్టు ఉంటుందని మాత్రం అనుకునేవాణ్ణి. సియెరా కొండలెక్కుతుంటే వ్యానులో పాఠం మొదలైంది. వెనక సీట్లో చేమదుంపల బస్తాలు, ఐస్ పెట్టెలు, చేమాకుల్లో చుట్టి కొబ్బరిపాలలో ఉడికించిన డబ్బా మాంసం. చేమదుంపని వేపుడూ పులుసూ తప్ప ఇంకేమీ చేయలేని మా గోదావరి జిల్లా మీద నాకు మొదటిసారి చిన్నచూపు కలిగింది.

పాఠం చెప్పింది మేలే. సెమిసి చెప్పలేడు, ఎందుకంటే ఆ పాఠంలో ఆయన బాధ ఉంది.

వాళ్ల కొడుకు విలియామి ఆ జట్టులో ఉన్నాడు. వీళ్లిద్దరూ అమెరికా వచ్చినప్పుడు వాడికి కాగితాలు కుదరక అమ్మమ్మ దగ్గర వదిలేసి వచ్చారు. అప్పుడు బడికెళ్లే పిల్లవాడు. ఇప్పుడు దేశం తరఫున వచ్చాడు. అయితే జట్టులో ఉండటం వేరు, ఆడటం వేరు. వాడు అదనపు ఆటగాడు. పర్యటన మొదలైనప్పటి నుంచి పక్కన బల్ల మీద కూర్చునే ఉన్నాడు. సాల్ట్‌లేక్ ఆట అయ్యాక జట్టు విమానం ఎక్కేస్తుంది. కొడుకు దేశం చొక్కా వేసుకుని ఆడుతుంటే తల్లిదండ్రులు చూడాలంటే ఈ ఒక్క ఆటే మిగిలింది.

"మధ్యలో మార్చి దింపరా?" అన్నాను.

"దింపరు బ్రదర్. ఆడేవాడికి దెబ్బ తగిలి, డాక్టర్ చూసి ఇక ఆడలేడని చెబితేనే ఇంకొకడు దిగాలి. రూల్ అది" అంది మేలే.

"మరి మీవాడి చోట ఆడేది ఎవరు?"

 సెమిసి కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "టేవిటా. మా అక్క కొడుకు."

అయితే ఏమైందని అడిగాను. టోంగా గురించి నాకు ఏమీ తెలియదని అప్పుడు వాళ్లకి పూర్తిగా అర్థమైంది.

మా వైపు మేనమామ అంటే ఎంత మర్యాదో మీకు చెప్పనక్కర్లేదు. పెళ్లిలో ఆయనకి బట్టలు తక్కువైతే పెళ్లే ఆగుతుంది. అలిగే హక్కు మేనమామది. టోంగాలో ఆ లెక్క తలకిందులు. అక్కచెల్లెళ్లది పై మెట్టు, అక్క కొడుకు మేనమామకి దొర. మేనల్లుడికి మేనమామ మీద ఉన్న ఆ హక్కుని వాళ్లు ఫాహు అంటారు. మేనల్లుడు ఇంటికొచ్చి ఏది నచ్చితే అది పట్టుకుపోవచ్చు. టేవిటా చిన్నప్పుడు ఒకసారి వచ్చి సెమిసి సైకిలెక్కి వెళ్లిపోయాడట. సెమిసి ఆ కథని ఎంతో గర్వంగా చెప్పాడు. మేనల్లుడి మాట జవదాటకూడదు. అతనికి నలతగా ఉంటే మేనమామ సేవ చేయాలి. అతని చెడు కోరడమంటే మహాపాపం.

"ఇప్పుడు చూడు బ్రదర్," అంది మేలే. "మావాడు ఆడాలని ఈయన మోకరిస్తే, టేవిటాకి దెబ్బ తగలాలని మోకరించినట్టే. అందుకని పర్యటన మొదలైనప్పటి నుంచి వాడి గురించి ప్రార్థనే చేయడం లేదు. వాన కోసం చేస్తాడు, కాలిఫోర్నియా గవర్నర్ కోసం చేస్తాడు. కొడుకు దగ్గరికొచ్చేసరికి ఆమేన్ అంటాడు."

 సెమిసి చెవులు ఎర్రబడటం అద్దంలో కనిపించింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలీ వేసింది.

రీనో

రీనో జూదం ఊరు. అక్కడ భోజనం చవక, ఎందుకంటే భోజనశాలకి వెళ్లాలంటే డబ్బులు మింగే యంత్రాల మధ్య నుంచి నడవాలి. మూడు డాలర్లిస్తే ఎంత తింటే అంత. బల్ల దాకా పోయేలోపు ముప్పై పోగొట్టుకుంటారని వాళ్ల నమ్మకం.

టోంగా జట్టు ఆ యంత్రాల మధ్య నుంచి ఇద్దరేసి చొప్పున బారుతీరి, కళ్లు నేరుగా పెట్టుకుని, ఒక్క పైసా జారవిడవకుండా నడిచింది. ముందు సెమిసి, వెనక ఫార్వర్డ్‌లు, అంటే ఆటలో ముందుండి తోసే భారీ మనుషులు. పేకముక్కలు పంచే అమ్మాయి పంచడం ఆపేసి చూసింది. భోజనశాల మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. అరగంటకి నవ్వు పోయింది. ఇంకాసేపటికి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎర్ర మాంసం కోసే వంటవాడు మాత్రం ఉత్సాహం పట్టలేక లోపల్నుంచి ఇంకో తొడ తెచ్చి, ఇన్నేళ్ల ఉద్యోగంలో తన కత్తికి ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదన్నాడు.

అక్కడే ఆ ఇద్దర్నీ మొదటిసారి దగ్గరగా చూశాను. విలియామి తల్లి పక్కన కూర్చున్నాడు. మెడ లేని కుర్రాడు, సిగ్గరి. తల్లి తన పళ్లెంలోవి కూడా వాడి పళ్లెంలోకి తోస్తోంది. టేవిటా పెద్దవాడు, ముక్కు రెండు మూడుసార్లు విరిగి అతికినట్టుంది, నోటినిండా నవ్వు. సెమిసి కొడుకు పక్కన కాకుండా మేనల్లుడి వెనక నిలబడి, నీళ్లయిపోతే పోస్తున్నాడు. టేవిటా ఇబ్బంది పడుతూ, "కూర్చో మామయ్యా" అన్నాడు. ఆ మాట వరకు మేలే నాకు అనువదించింది. సెమిసి కూర్చున్నాడు, కానీ మంచినీళ్ల కూజా వదల్లేదు.

ఎల్కో

నెవాడాలో రోజంతా పోతే ఆకాశం, పొదలు, మళ్లీ ఆకాశం. ఎల్కో అనే ఊళ్లో రాత్రి బస. అక్కడ గొర్రెలు కాచుకోవడానికి ఎప్పుడో స్పెయిన్ కొండల నుంచి వచ్చిన బాస్క్ వాళ్లు పూటకూళ్ల ఇళ్లు నడుపుతున్నారు. పొడుగాటి బల్లలు. ఎవరితో వచ్చామన్న పట్టింపు లేదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి. సూపు బేసిన్‌లో వస్తుంది, చిక్కుడు గింజలు, రొట్టె, తర్వాత గొర్రె మాంసం. అడగకుండానే మళ్లీ వడ్డిస్తారు. మాంసంలో కారం ఒక్కటే తక్కువ. సలోమి పెట్టిన కారప్పొడి సీసా తీశాను. నా పక్కన కూర్చున్న గొర్రెల ముసలాయన కొంచెం వేసుకుని, దగ్గి, కళ్లు తుడుచుకుని, ఇంకొంచెం వేసుకున్నాడు.

భోజనానికి ముందు మేలే నన్ను పక్కకి పిలిచింది. "ఈ పూట ప్రార్థన నువ్వు చెయ్యి బ్రదర్. మీ భాషలో చెయ్యి. టేవిటా నీకు మేనల్లుడు కాడు కదా."

ఆమె ఏం అడుగుతోందో అర్థమై నోరెళ్లబెట్టాను. మేలే నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు ముందు ఇంకేం చేస్తాను? చిన్నప్పుడు మా ఊళ్లో పరీక్షల కోసం, బదిలీల కోసం, ఇంటి స్థలం గొడవల కోసం దేవుడితో బేరాలాడి పెరిగినవాణ్ణే కదా. టేవిటా సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. జట్టంతా తలలు వంచింది. నేను లేచి నిలబడ్డాను.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ భోజనమును బట్టి నీకు స్తోత్రము. నా ఎదుట కూర్చున్న టేవిటా అను ఈ బిడ్డ కాలును, కుడిదైనను ఎడమదైనను నీ ఇష్టము, శనివారము ఆట రెండవ సగములో కాస్త బెణికించుము. విరగ్గొట్టవద్దు తండ్రీ. మంచి పిల్లవాడు. సోమవారమునకు వాపు దిగిపోవునట్లు చూడుము. విలియామి తల్లిదండ్రుల మనసు నీకు తెలియును. ఆమేన్."

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది టేవిటా. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నా పేరు వినిపించింది బ్రదర్. నాకోసం ఇంత మనసుపెట్టి ప్రార్థించింది నువ్వే" అన్నాడు ఇంగ్లిష్‌లో. సెమిసి కళ్లు చెమ్మగిల్లాయి. నేను గొర్రె మాంసాన్ని పళ్లెంలో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. మేలే మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

ఉప్పు మీద

యూటాలోకి అడుగుపెట్టగానే రోడ్డుకి అటూ ఇటూ తెల్లటి ఉప్పు, చూపు ఆనినంత దూరం. మా వైపు ఉప్పు మడులు చూసిన కళ్లతో ఇదేం గొప్పలే అనుకుంటూ, ఫొటో కోసం వ్యానుని రోడ్డు దింపాను. ఉప్పు పైన గట్టిగా కనిపిస్తుందే గానీ, లోపల బురద. చక్రాలు సగం దాకా దిగబడిపోయాయి. సెమిసి నడిపితే ఎక్కనన్న మేలే నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ముందు పోతున్న బస్సు ఆగింది. ఎనిమిది మంది ఫార్వర్డ్‌లు దిగి వచ్చారు. వచ్చి, వ్యాను వెనక ఆటలో ఎలా నిలబడతారో అలాగే వంగి నిలబడ్డారు. ముందు వరసలో ముగ్గురు, వెనక మిగతావాళ్లు తలలు దూర్చి తోస్తారు. దీన్ని స్క్రమ్ అంటారని, ముందు వరసలో నడిమివాడు రెండు వైపులా భుజాలు పట్టుకుని వేలాడుతూ, మధ్యలో పడిన బంతిని కాలితో వెనక్కి లాగుతాడని సెమిసి నాకు చూపించాడు. ఆ నడిమి చోటు టేవిటాది. అతను లేకపోతే విలియామిది. బయట నిలబడ్డవాళ్లకి ఆ నడిమివాడు వీపు తప్ప ఏమీ కనిపించడని కూడా చెప్పాడు.

తోయడం మొదలైంది. వ్యాను కదిలింది, అప్పుడే టేవిటా కాలు బురదలో జారి కూలబడ్డాడు.

 శనివారమని రోజు కూడా చెప్పి అడిగానే, దేవుడు ముందుగానే ఇచ్చేశాడా అని భయపడ్డాను. ఒకసారి చేసిన ప్రార్థనని వెనక్కి తీసుకోవడం ఎలాగో మా సండే స్కూల్లో నేర్పలేదు. తండ్రీ వద్దులే, వద్దులే అని గొణిగాను. టేవిటా లేచి, ఒళ్లంతా ఉప్పుబురదతో, పగలబడి నవ్వాడు. అప్పటికే సెమిసి తన చొక్కా విప్పి మేనల్లుడి కాళ్లు తుడుస్తున్నాడు. పక్కనే అంతే బురదలో ఉన్న విలియామిని ఎవరూ తుడవలేదు. చివరికి మేలే ఆ పని చేసింది.

సాల్ట్‌లేక్ సిటీ

సాల్ట్‌లేక్‌లో టోంగా వాళ్లు ఎక్కువ. మాకు బస ఇచ్చిన కుటుంబం మోర్మన్ అనే మతశాఖ వాళ్లు. వాళ్లింట్లో టీ లేదు, కాఫీ లేదు, ఆ పేరెత్తినా మర్యాద కాదు. పొద్దున్నే వేడి నిమ్మనీళ్లు ఇచ్చారు. టీ లేని పొద్దుని నా జీవితంలో అంతకుముందు చూడలేదు. సెమిసి వెస్లీ సంఘం మనిషి, వాళ్ల మతం వేరు. అయినా పెరట్లో పందిని కాల్చే గొయ్యి దగ్గర మాత్రం వాళ్లకి ఏ భేదమూ లేదు. మా నరసాపురంలో రెండు సంఘాలవాళ్లు వీధి పంపు దగ్గర కూడా ఎడంగా నిలబడటం గుర్తొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆట. అప్పటికి టోంగాలో ఆదివారం వచ్చేసిందని, అక్కడ ఆదివారం ఆటలు నిషేధమని ఎవరో ముసలాయన లేవనెత్తాడు. మన కాళ్లు ఏ నేల మీద ఉంటే ఆ నేల గడియారమే దేవుడిదని సెమిసి తేల్చేశాడు. ఆయన ఇంత త్వరగా తేల్చిన ధర్మసందేహం ఈ ప్రయాణంలో అదొక్కటే.

ఆట మొదలయ్యే ముందు జట్టు యుద్ధ నృత్యం చేసింది. పక్కన నిలబడ్డ నా కాళ్ల కింద నేల దడదడలాడింది. యూటా కుర్రాళ్లు పొడగరులు, తెల్లటి పళ్లు, భయపడలేదన్నట్టు నిలబడ్డారు. మొదటి సగం అయ్యేసరికి ఆ పళ్లు అన్నీ ఉన్నాయో లేదో చెప్పలేను. టేవిటా కాళ్లు రెండూ దివ్యంగా ఉన్నాయి. అతను లేచిన ప్రతిసారీ నాకు హాయిగా ఉండేది. అతను పడిన ప్రతిసారీ మేలే నా మోచెయ్యి పట్టుకునేది. విలియామి బల్ల మీద మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తండ్రి వాడి వంక ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఎక్కడ మనసు ఏదైనా కోరుకుంటుందోనని భయం.

రెండో సగం చివరికొచ్చింది. టోంగా చాలా ముందుంది, గెలుపు ఖాయం. అప్పుడు ఒక గుంపులోంచి ఆటగాళ్లందరూ లేచారు, టేవిటా లేవలేదు. మోకాలు పట్టుకుని పడుకునే ఉన్నాడు.

 జనంలోంచి డాక్టరు పరుగెత్తాడు. ఆయన పళ్ల డాక్టరని తర్వాత తెలిసింది. మోకాలు వంచి చూశాడు, వాపు లేదు, గాయం లేదు. చెయ్యి వేసిన చోటల్లా టేవిటా మూలిగాడు. డాక్టరు భుజాలెగరేసి, ఆడలేడన్నట్టు చెయ్యి ఊపాడు. ఇద్దరు మోసుకొచ్చి మా ముందే గడ్డి మీద పడుకోబెట్టారు. నన్ను దాటించేటప్పుడు టేవిటా ఒక కన్ను గీటాడు. నా ప్రార్థనకీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఆ క్షణంలో తెలిసి, ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

విలియామి లేచి చొక్కా సర్దుకుని మైదానంలోకి పరుగెత్తాడు. టోంగా జనమంతా పేరు పెట్టి అరిచారు. మేలే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

సెమిసి చూడలేదు. గడ్డి మీద మోకరించి, మైదానానికి వీపు పెట్టి, మేనల్లుడి మోకాలు పిసుకుతున్నాడు. కొబ్బరినూనె సీసా ఎక్కణ్ణుంచి తీశాడో తెలియదు. వెనక కొడుకు పేరు మారుమోగుతోంది. దొర నొప్పితో పడి ఉంటే మేనమామ తల తిప్పకూడదు, అంతే.

"సెమిసీ, మీ అబ్బాయి ఆడుతున్నాడు, చూడు" అన్నాను.

"ముందు ఇది" అన్నాడాయన.

టేవిటా తల ఎత్తి మెల్లగా ఏదో చెప్పాడు. మేలే మైదానం మీంచి కళ్లు తిప్పకుండానే నా చెవిలో అనువదించింది. "నొప్పి లేదంటున్నాడు." సెమిసి నమ్మలేదు. పిసకడం ఆపలేదు. గడియారం చూసుకుంటున్న రిఫరీని చూస్తే నాకు చిరాకెత్తిపోయింది. పట్టుకుని ఆ పెద్దాయన తల నేనే తిప్పుదామా అనిపించింది.

టేవిటా మోచేతుల మీద లేచాడు. మొహంలో నవ్వు పోయింది. గొంతు మారింది. అంత పెద్దరికం ఆ మనిషిలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. మేలే ముక్కలు ముక్కలుగా అనువదించింది. "నేను నీ అక్క కొడుకుని, అంటున్నాడు. పెద్దయ్యాక నిన్ను ఏమీ అడగలేదు, అంటున్నాడు. ఇప్పుడు అడుగుతున్నాను. అటు తిరుగు."

సెమిసి మేనల్లుడి మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ల మీదే మైదానం వైపు తిరిగాడు. తిరిగాక కూడా ఒక చెయ్యి వెనక్కి పెట్టి టేవిటా కాలు పట్టుకునే ఉన్నాడు.

రిఫరీ స్క్రమ్‌కి ఈల వేశాడు. ఎనిమిది మంది ఎనిమిది మందితో తలపడ్డారు. మాకు విలియామి మొహం కనిపించలేదు, చొక్కా పైకి జరిగిన వీపు కనిపించింది. బంతి పడింది, ఒక కాలు కదిలింది, బంతి టోంగా వైపు వచ్చింది. ఎవరో అందుకుని మైదానం బయటికి తన్నేశారు. ఆట అయిపోయింది. కొడుకు ఆటలో వాళ్లకి దక్కింది అంతే.

సెమిసి వెనక్కి తిరగకుండానే మేనల్లుణ్ణి ఏదో అడిగాడు. మేలే అప్పటికే కొడుకు దగ్గరికి పరుగెత్తింది, అనువదించేవాళ్లు లేరు. చూశావా, బంతి లాగింది వాడే, చూశావా అని అడుగుతున్నాడని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

టేవిటా అవునన్నాడు. మామయ్య వీపు వెనక పడుకుని ఉన్నాడు కదా, అతనికి అక్కణ్ణుంచి ఏమీ కనిపించలేదు.